కింది గది తాళం

పోయిన నెల ఒక బడివాళ్ళు మా చెల్లికి సన్మానం చేశారు. తను చిన్నప్పుడు చదివిన బడే అది. దండ వేశారు, శాలువా కప్పారు. ఇప్పటి పెద్ద టీచరు మైకు పట్టుకుని, "నడవలేని పిల్లలను ఎవరూ దగ్గరికి రానివ్వని రోజుల్లోనే మా బడి ఈమెను అక్కున చేర్చుకుంది" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. సభ పై అంతస్తులో పెట్టారు. చెల్లిని కుర్చీతో సహా నలుగురు మగవాళ్ళు పైకి మోసుకెళ్ళారు.

నేను వెనకాల నడుస్తూ మెట్లు లెక్కపెట్టాను. కింద పదమూడు, మలుపు తిరిగాక తొమ్మిది. ఇరవై రెండు. కింది నుంచి నాలుగోది ఇప్పటికీ మిగతావాటికంటే రెండు వేళ్ళు ఎత్తు. కుర్చీ ముందు కాళ్ళు పట్టుకున్న మనిషి సరిగ్గా దాని మీదే తడబడ్డాడు. ముప్పై నాలుగేళ్ళయింది. ఆ మెట్టును సరిచేయాలని ఒక్కరికీ తోచలేదు. మనిషిని వీపున వేసుకుని ఎక్కినవాళ్ళకు తప్ప అది ఎత్తని తెలియదు మరి.

ఇంటికొచ్చాక చెల్లి శాలువా మడిచి పెట్టెలో పెట్టింది.

"అక్కున చేర్చుకున్నరట" అంది. "ఎప్పుడే అక్కా? నేను చూడలే."

పెట్టె మూసి, "నువ్వు రాయి. నీకు లెక్కలు యాదికుంటయి" అంది.

అందుకని రాస్తున్నాను. నాకిప్పుడు నలభై ఏడేళ్ళు. రాంగోపాల్‌పేటలో పెళ్ళయితే ఎన్ని విస్తళ్ళకు ఎన్ని కిలోల బియ్యం పోయాలో, గోడ కడితే ఎన్ని ఇటుకలు దింపించాలో నన్ను అడిగి వెళతారు. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే మెట్ల మీద అంటాను. నవ్వుతారు. నేను నవ్వించడానికి చెప్పను.

మా చెల్లికి నాలుగేళ్ళప్పుడు జ్వరం వచ్చింది. జ్వరం ఆరు రోజుల్లో పోయింది, కాళ్ళు మాత్రం మళ్ళీ రాలేదు. ఇప్పుడు పోలియో అంటారు. అప్పుడు మా ఇంట్లో దానికి పేరు లేదు. నాన్న మోండా మార్కెట్లో ఉల్లిగడ్డల దుకాణంలో పనిచేసేవాడు. తెల్లవారకముందే పోయి పొద్దుగూకాక వచ్చేవాడు. అమ్మకు ఇంటిపని, మంచంలో నానమ్మ. చెల్లిని చూడడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. నేను రెండో తరగతి పూర్తిచేసి ఉన్నాను. నన్ను మాన్పించారు.

నన్ను మాన్పించి చూసుకోమన్న పిల్ల, ఏడో ఏడు వచ్చేసరికి బడికి పోతానని మొండికేసింది. పోనీ కొన్నాళ్ళు పోయి వస్తుందిలే అని నాన్న చేర్పించాడు. ఒకటి, రెండు తరగతులు కిందనే. నేను ఎత్తుకెళ్ళి గదిలో కూర్చోబెట్టి వచ్చేదాన్ని. రెండు పరీక్షల్లోనూ తనే మొదటిది. మూడో తరగతి పైన. అక్కడ మొదలైంది.

అమ్మ నన్ను వెంటబెట్టుకుని పెద్ద టీచరమ్మ దగ్గరికి పోయింది. అప్పటి పెద్ద టీచరమ్మ ఎప్పుడూ గొంతు పెంచేది కాదు. అంత మెత్తగా కాదనే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

"మాకేం అభ్యంతరం లేదమ్మా. బంగారంలాంటి పిల్ల. కానీ పైకి ఎట్లా ఎక్కుతుంది చెప్పు?"

"కింద ఇంకొక గది ఉన్నది గద టీచరమ్మా, తాళమేసింది."

"అందులో విరిగిన బల్లలున్నాయి, బడి సామాను. పై అధికారుల ఆర్డరు లేకుండా తాళం తీయడానికి లేదు."

"మరి చిన్న తరగతోళ్ళను పైకి పంపితే?"

"చిన్నపిల్లలు! పడిపోతే?" అని పెద్ద టీచరమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఒకటే దారి ఉంది. ఎత్తుకొచ్చినవాళ్ళు బడి వదిలేదాకా ఇక్కడే ఉండాలి. అవసరమొస్తే మా టీచర్లు ఎత్తలేరు కదా."

అమ్మ దండం పెట్టి వచ్చేసింది. ఆ రోజుల్లో మా అమ్మ ఎవరు ఏమన్నా దండం పెట్టేది.

నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆ మధ్యాహ్నం గల్లీ చివర నల్లా దగ్గర కూర్చుని లెక్క వేశాను. మా గల్లీలో పదకొండు ఇళ్ళు. ఆ బడికి పోయే ఆడపిల్లలు, చెల్లి కాక, పన్నెండు మంది. వాళ్ళెలాగూ బడి వదిలేదాకా అక్కడే ఉంటారు. వారానికి ఆరు రోజులు. ఇద్దరిద్దరు చేతులు అడ్డంగా పట్టుకుంటే కుర్చీ అవుతుంది. ఆ ఆట అందరికీ తెలిసిందే. ఒక్కొక్క జంటకు వారానికి ఒక్క రోజు. బొగ్గు తీసుకుని నల్లా గోడ మీద ఆరు గీతలు గీశాను. సోమవారం ఎవరు, మంగళవారం ఎవరు, శనివారం దాకా. ఇంత సులువైన లెక్క పెద్దవాళ్ళలో ఎవరికీ ఎందుకు తట్టలేదా అని అప్పుడు ఆశ్చర్యపోయాను. ఇప్పుడు ఆశ్చర్యం లేదు.

గల్లీ ఒప్పుకుంది. నిజం చెప్పాలి, సంతోషంగానే ఒప్పుకుంది. సోమవారం వంతు గార్డు తాత మనుమరాళ్ళది. తాత రైల్వేలో గార్డుగా చేసి దిగిపోయిన పెద్దమనిషి. గల్లీలో ఏ తగాదా అయినా ఆయన అరుగు మీదే తెగేది. "మన గల్లీ పిల్ల చదువుకుంటే మనకు ఇజ్జత్" అన్నాడు. మాలో ఒక అలవాటు ఏర్పడింది. ఏ రోజు ఎవరి వంతయితే, పొద్దున అమ్మ చెల్లిని తెచ్చి వాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టేది. అక్కణ్ణుంచి ఆ ఇంటివాళ్ళదే బాధ్యత. చెల్లి అరుగు మీద కూర్చుని, "సోమవారం బండి ఇంకా బయలుదేరలేదా?" అని లోపలికి అరిచేది. పిల్లలు నవ్వుతూ పరుగెత్తుకొచ్చేవాళ్ళు.

మూడు నెలలు ఒక్క రోజు తప్పలేదు.

పోలీసు చర్య మొదలైంది సోమవారం నాడు. అంతకు వారం ముందు నుంచే గల్లీలో ఎవరికీ నిద్ర లేదు. యూనియన్ సైన్యం వస్తుందని ఒకరు, సికింద్రాబాదు మీద బాంబులు పడతాయని ఒకరు, రజాకార్లు పోతూ పోతూ ఇళ్ళు తగలబెడతారని ఒకరు. ఆ పొద్దున రేడియో విన్నవాళ్ళు పరుగెత్తుకొచ్చి చెప్పేసరికి గార్డు తాత రెండెడ్ల బండ్లు రెండు మాట్లాడి తెచ్చాడు. కాప్రాలో చెరువు వైపు ఆయన బంధువులు, మా చిన్నమ్మ వాళ్ళు, ఇంకో ఇద్దరు ముగ్గురి చుట్టాలు ఉన్నారు. ఆ నాలుగైదు ఇళ్ళవాళ్ళం అక్కడికి పోదామన్నారు. బండ్లు గల్లీలోకి పట్టవు కనుక వెనక రోడ్డు మీద నిలబెట్టారు; నాన్న ఆ రోజు దుకాణానికి పోకుండా వాటి దగ్గర సామాను ఎక్కిస్తున్నాడు.

అమ్మ నానమ్మను ఎక్కించాలి, మూటలు కట్టాలి. చెల్లిని ఎత్తుకుని బయటికి తెచ్చింది. సోమవారం. మూడు నెలల అలవాటు. తెచ్చి గార్డు తాత అరుగు మీద కూర్చోబెట్టి, లోపలికి వినపడేలా "బిడ్డను కూర్సోబెట్టిన" అని చెప్పి, నానమ్మ కోసం వెనక్కి పరుగెత్తింది. లోపల ఆ కేకలలో ఎవరు విన్నారో తెలియదు. వాళ్ళు ముందు తలుపుకు లోపల గడియ పెట్టి, పెరటి దారిన బండ్ల దగ్గరికి పోయారు. ఆ పిల్లలను తర్వాత అడిగితే, "బడి లేదు గద, ఇంక వంతెక్కడిది?" అన్నారు. వాళ్ళ లెక్కా తప్పు కాదు.

నేను మొదటి బండి పక్కన నడుస్తున్నాను, నెత్తిన మూట. చెల్లి ఏదని అమ్మ ఒకసారి అడిగింది. నేను ఏమన్నానో నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది.

"సోమారం గదమ్మా. తాత పిల్లలతోని ఎనక బండిల ఉంటది."

వెనక బండిలోవాళ్ళు ముందు బండిలో ఉందనుకున్నారు.

మల్కాజిగిరి దాటాక ఎడ్లకు నీళ్ళు పట్టడానికి ఆపారు. అమ్మ రొట్టెముక్క పట్టుకుని వెనక బండికి పోయింది. ఆ తర్వాత నేను విన్న అరుపు మా అమ్మదని గుర్తుపట్టడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఇరవై ఏడు మంది ఉన్నాం అక్కడ. నేను లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది ఉండాలి.

"ఇప్పుడు ఎనుకకు పోతే అందరి పానాలు పోతయి" అన్నాడు గార్డు తాత. "పిల్ల అరుగు మీద సల్లగనే ఉంటది. సైనికులు పిల్లలనేం జేయరు."

నాన్న వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాడు. నేను మూట కింద పడేసి ఆయన వెంట పరుగెత్తాను. రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను గోడ మీద గీసిన ఆరు గీతలను తలుచుకుంటూ నడిచాను.

గల్లీలో అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. అరుగు మీద చెల్లి లేదు. నాన్న ఒక్కొక్క తలుపూ తట్టుకుంటూ పిలిచాడు. అప్పుడు చివరి ఇంటి తలుపు ఒక జానెడు తెరుచుకుంది.

"ఇటు రా బేటా. పోరి ఈడుంది."

ఆ ఇంట్లో గాజులమ్మే ముసలామె ఒక్కతే ఉండేది. గల్లీ పిల్లలందరం ఖాలా అని పిలిచేవాళ్ళం. ఆ రోజు ఆమెను బండ్లలోకి రమ్మని ఎవరూ పిలవలేదు. సైన్యం వస్తే ముసల్మాను ఇళ్ళకు ఏమవుతుందోనని పొద్దుటి నుంచి ఆమె తలుపు బిగించుకుని కూర్చుంది. ఆ గల్లీలో ఆ రోజు అందరికంటే ఎక్కువ భయపడవలసిన మనిషి, గడియ తీసి, వీధిలోకి వచ్చి, చెల్లిని ఈడ్చుకుంటూ లోపలికి తీసుకుపోయింది. ఎత్తే బలం ఆమెకు లేదు.

చెల్లి గాజుల బుట్ట పక్కన కూర్చుని బన్ను తింటోంది. రెండు చేతులకూ మోచేతుల దాకా గాజులు. నన్ను చూసి అంది:

"ఇయ్యాల ఎవరి వంతే అక్కా?"

అది నన్ను ఆటపట్టించడమో, నిజంగా అడగడమో ఇప్పటికీ చెప్పదు.

వారం పది రోజులకు బండ్లు తిరిగొచ్చాయి. బాంబులు పడలేదు. నిజాం లొంగిపోయాడు, జెండాలు మారాయి, మోండాలో మిఠాయి పంచారు. మా గల్లీ పెద్దలు గార్డు తాత అరుగు మీద కూర్చున్నారు. క్షమించమంటారేమోనని అమ్మ తలమీద కొంగు కప్పుకుని దూరంగా నిలబడింది.

"చూడండి," అన్నాడు తాత. "గిట్ల జరిగిందంటే గల్లీకే బద్నాం. రేపు ఇంకేమన్నయితే? చిన్న పిల్లలు, వాళ్ళ నెత్తిన గింత జిమ్మేదారీ పెట్టుడు తప్పు. వంతులు బందు."

"అయ్యా, బిడ్డ సదువు..." అంది అమ్మ.

"సదివి ఏం జేస్తదమ్మా? ఇంట్ల కూసుంటే సుఖంగ ఉంటది. ఆ తుర్కామె ఇంట్ల తిన్నది సుత. మేమేమన్నా అన్నమా?"

మరిచిపోయింది వాళ్ళు. శిక్ష పడింది చెల్లికి. సిగ్గుపడవలసినవాళ్ళు ఆ సిగ్గును మోయలేక తొమ్మిదేళ్ళ పిల్ల మీద పెట్టారు. మమ్మల్ని ఏదో పెద్ద తప్పు మన్నించినట్టు మాట్లాడి లేచిపోయారు. ఆ సాయంత్రం ఎవరో నల్లా గోడను తడిగుడ్డతో తుడిచారు. నా ఆరు గీతలు నల్లగా అలుక్కుపోయాయి.

బడి తెరిచాక చెల్లిని నేనే వీపున వేసుకున్నాను. పెద్ద టీచరమ్మ షరతు గుర్తుంది కదా. మోసినవాళ్ళు అక్కడే ఉండాలి. నేను ఆ బడి పిల్లను కాను కనుక గదిలోకి రాకూడదు. పదిహేడో మెట్టు మీద కూర్చునేదాన్ని. అక్కణ్ణుంచి కిటికీలోంచి నల్లబల్ల ఎడమ సగం కనబడేది. భాగహారం లెక్కలో జవాబు కుడివైపు రాస్తారు. అది నాకు కనబడదు. లెక్క కనబడుతుంది, జవాబు కనబడదు. నేను నేలమీద పుల్లతో చేసుకుని, ఇంటికి పోయే దారిలో చెల్లి పలక అడిగి చూసుకునేదాన్ని. నేను చదువుకున్న చదువు అదీ.

ఒకప్పుడు చేతులు అడ్డంగా పట్టుకుని నా చెల్లిని పల్లకీలా మోసిన పిల్లలు ఇప్పుడు మా పక్కనుంచే ఎక్కిపోయేవాళ్ళు. గార్డు తాత పెద్ద మనుమరాలు ఒకసారి ఆగి, "మా తాత జూస్తే కొడతడే" అని గొణిగి పోయింది. నేను చెల్లిని వీపు మీద సర్దుకుని ఎక్కాను.

పాయఖానా కింద ఉంది. నన్ను మరోసారి మోయించకూడదని చెల్లి మధ్యాహ్నం అన్నంలో నీళ్ళు తాగడం మానేసింది. నాకు చెప్పలేదు. పెదవులు పగిలితే చలి అనుకున్నాను. ఎండాకాలం కాదు కనుక బతికిపోయింది.

లెక్క చెబుతాను. పొద్దున ఎక్కడం, మధ్యాహ్నం అన్నానికి దిగడం, మళ్ళీ ఎక్కడం, సాయంత్రం దిగడం. రోజుకు ఎనభై ఎనిమిది మెట్లు. శనివారం ఒంటిపూట కనుక నలభై నాలుగు. నేను మోసింది ఎనభై మూడు రోజులు, అందులో పద్నాలుగు శనివారాలు. ఆరువేల ఆరువందల ఎనభై ఎనిమిది మెట్లు. ఆఖరి రోజు నేను మోయని ఇరవై రెండు తీసేస్తే ఆరువేల ఆరువందల అరవై ఆరు.

ఎనభై మూడో రోజు, శనివారం నాడు, బడికి కొత్త ప్రభుత్వం తరఫున ఇన్‌స్పెక్టరు వచ్చాడు. లావుపాటి మనిషి, ఒక కాలు కొంచెం ఈడుస్తాడు. మెట్లు ఎక్కలేడని ముందురోజే కబురొచ్చిందట. పొద్దున ప్రార్థన గంట కొట్టగానే పెద్ద టీచరమ్మ స్వయంగా వచ్చి కింది గది తాళం తీసింది.

నేను మెట్ల మీదనుంచి చూస్తూ ఉన్నాను. ఏ ఆర్డరూ రాలేదు. నలుగురు ఆయాలు, ఒక తోటమాలి. పదకొండు విరిగిన బల్లలు, రెండు బీరువాలు, ఒక డోలు, చిరిగిన పటాల చుట్ట ఒకటి. అన్నీ బయటికి తెచ్చి గోడకు చేర్చి, గది ఊడ్చి, నీళ్ళు చల్లి, కుర్చీ వేసి, బల్లమీద గుడ్డ పరిచారు. మొదటి పీరియడు గంట ఇంకా కొట్టనే లేదు. ఆ బడిలో ప్రార్థనకూ మొదటి గంటకూ మధ్య ముప్పావు గంట. అంటే అంతకన్నా తక్కువే పట్టింది.

ఇన్‌స్పెక్టరు మూడో తరగతిలో బాగా చదివే పిల్లను పిలవమన్నాడు. పెద్ద టీచరమ్మ పైకి వచ్చి వేరే పిల్లను పంపబోయింది. చెల్లి ఊరుకోలేదు. నన్ను పిలవకుండా, గది గడప దాటి, మెట్ల మీద కూర్చుని, చేతులు ఆనించి ఒక్కొక్క మెట్టే జారుతూ దిగడం మొదలుపెట్టింది. నేను పదిహేడో మెట్టు మీద లేచి నిలబడ్డాను.

"జరుగు" అంది.

జరిగాను. పరికిణీ నిండా మట్టి. ఇరవై రెండు మెట్లూ దిగి, పాక్కుంటూ పోయి ఇన్‌స్పెక్టరు ముందు కూర్చుని, అడిగిన లెక్కలన్నీ చెప్పింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "శభాష్! ఏం ధైర్యం!" అని ఒక పెన్సిలు ఇచ్చాడు. పెద్ద టీచరమ్మ, "మా బడిలో పిల్లలకు ముందు నేర్పేది ధైర్యమేనండీ" అంది.

అక్కడే, ఆ ఖాళీ గదిలోనే కూర్చుని అన్నారు ఈ మాటలు. మెట్లు ఎక్కలేని మనిషికి కింద గది ఖాళీ చేసి, అదే మెట్లు మట్టిలో దేక్కుంటూ దిగిన పిల్లకు పెన్సిలు ఇచ్చారు. ఇన్నేళ్ళలో నాకు చాలామంది మీద కోపం వచ్చి పోయింది. ఆ పెన్సిలు మీద కోపం పోలేదు.

ఇన్‌స్పెక్టరు బండి గేటు దాటగానే బల్లలన్నీ మళ్ళీ లోపల పెట్టి తాళం వేశారు.

సోమవారం పొద్దున నేను వంగి వీపు చూపిస్తే చెల్లి ఎక్కలేదు.

"నేనింక పైకి పోను."

"బడి మానేస్తవా?"

"మానేస్తనని అన్ననా?" అని దేక్కుంటూ పోయి, తాళం వేసిన గది తలుపుకు వీపు ఆనించి కూర్చుని, పలక ఒళ్ళో పెట్టుకుంది.

పెద్ద టీచరమ్మ వచ్చింది. "పైకి పోకపోతే ఇంటికి పో తల్లీ."

"ఇంటికి పోను టీచర్. ఇది నా బడే. హాజరు ఈడనే ఏస్కోండి."

ఆ రోజంతా ఒక్కతే కూర్చుంది. రెండో రోజు గాజుల బుట్టతో ఖాలా వచ్చి గేటు పక్కన కూలబడింది. "ఇక్కడ అమ్మకూడదు" అంటే, "అమ్మతలేనమ్మా, మా బచ్చీని జూస్తున్న. మల్లెవరన్న మర్చిపోతరేమో" అంది.

మూడో రోజు మూడో తరగతి టీచరు మెట్ల మలుపు దాకా దిగి నిలబడింది. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవుల అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. పెద్ద టీచరమ్మంటే వణుకు. అయినా మలుపులో నిలబడి పైకీ కిందికీ వినపడేలా డిక్టేషను చెప్పింది. "ఏమ్మా, కింద వినపడుతోందా?" అంది. "వినపడుతున్నది టీచర్!" అని కింది నుంచి కేక. పైన పిల్లలు నవ్వారు.

ఆ సాయంత్రం నేను గార్డు తాత అరుగు దగ్గరికి పోయాను. ఆయన పడక్కుర్చీలో ఉన్నాడు. అరుగు ఎక్కలేదు, కిందనే నిలబడ్డాను.

"తాతా, ఆ సోమవారం ఇరవై ఎనిమిది మందిమి పోవాలె. ఇరవై ఏడు మందిమి పోయినం. లెక్క నేను తప్పిన. నేనే గోడమీద రాసిన, నేనే ఎనక బండిల ఉందన్న. నా తప్పు నేను ఆరువేల ఆరువందల మెట్లు మోసిన. మీరెన్ని మోసిన్రు?"

"ఏందే, నోరు లేస్తున్నది? ఆడపిల్లవు..."

"మీ అరుగు మీదనే మిగిలిపోయింది మా చెల్లి. మేము ఎవరినన్న ఒక్క మాట అన్నమా? మీరు మమ్మల్ని మన్నించిన్రు. ఎందుకు మన్నించిన్రో చెప్పున్రి."

ఆయన కర్ర ఎత్తాడు. లోపలి నుంచి ఆయన భార్య వచ్చి కర్ర పట్టుకుంది. ఆయనతోనే అంది: "గానాడు తలుపు కాడ బిడ్డ తల్లి ఒర్రుడు నేను విన్న. గడబిడల మర్సిన. అందరి ముంగట చెప్పనీకి నాకు నోరు రాలే. నీకన్న రావొద్దా?"

నాలుగో రోజు పొద్దున ఆయన మనుమరాళ్ళిద్దరూ మెట్ల దాకా వచ్చి, పైకి పోకుండా, చెల్లికి చెరో పక్కన కూర్చున్నారు. "సోమవారం బండి గురువారం వచ్చిందేందే?" అంది చెల్లి. మధ్యాహ్నానికి గల్లీ పిల్లలు ఇంకో ముగ్గురు. మర్నాడు గల్లీకి సంబంధం లేనివాళ్ళు కూడా. ఆ తరగతిలో పందొమ్మిది మంది. శుక్రవారం సాయంత్రానికి కింద పదకొండు, పైన ఎనిమిది. మలుపులో నిలబడి పాఠం చెప్పిన టీచరు గొంతు రాసుకుపోయింది. మా అమ్మ ఆ రోజు గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. పెద్ద టీచరమ్మ ఎదురొస్తే దండం పెట్టలేదు. చూస్తూ నిలబడింది, అంతే.

శనివారం ప్రార్థన కాగానే తాళం తీశారు. పదకొండు బల్లలు, రెండు బీరువాలు, డోలు, పటాలు. ఈసారి పిల్లలు కూడా చెయ్యి వేశారు. పైనుంచి నల్లబల్ల దింపారు. మొదటి గంట కొట్టకముందే అంతా అయిపోయింది. ముప్పావు గంటలోపు. ఆ ముప్పావు గంట పని జూన్‌లో చేసి ఉంటే వంతులు ఉండేవి కావు. వంతులు లేకపోతే అమ్మ ఆ సోమవారం బిడ్డను ఎవరి అరుగు మీదా కూర్చోబెట్టేది కాదు. ఇది నేను చాలాసార్లు చేసి చూసుకున్న లెక్క. ఎటునుంచి చేసినా అదే జవాబు.

"మా మనసు ఎంత మెత్తనో చూశావా?" అంది పెద్ద టీచరమ్మ నాతో.

చెల్లి గడప తనే దాటింది. గదంతా ఒకసారి చూసి, ముందు వరుసలో నడిమి చోటు ఎంచుకుని కూర్చుంది. నావైపు తిరిగి, "ఇంక నువ్వు పో అక్కా. నిన్నెవ్వరు ఆపరు" అంది. నా మేలు కోరే అంది. బడి వదిలేదాకా నేను ఆ బడిలో ఉండవలసిన అవసరం ఇక లేదు. షరతు పోయింది. నా మెట్టూ పోయింది.

ఇంటికి పోలేదు. గది చుట్టూ తిరిగి వెనక కిటికీ దగ్గర నిలబడ్డాను. అక్కణ్ణుంచి నల్లబల్ల మొత్తం కనబడుతుంది, కుడివైపు కూడా. టీచరు మూడు భాగహారాలు రాసింది. నేను మట్టిలో పుల్లతో చేసి, ఆమె జవాబులు రాసేదాకా ఆగాను. మూడూ సరిపోయాయి. ఆమె తిరిగి నన్ను చూసింది. పిల్లలు చూశారు. పెద్ద టీచరమ్మ వరండాలో పోతూ చూసింది.

లోపలికి రమ్మని ఒక్కరూ అనలేదు.